పది రోజుల కుండీ

తన పనితనం గురించి ఎవరైనా అడిగితే చెప్పడం సూర్యకళకు ఇష్టం. అడగకపోయినా చెప్పడం ఇంకా ఇష్టం. అందులో అబద్ధం లేదు కనుక మనమూ తప్పు పట్టనక్కర్లేదు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పంతొమ్మిదేళ్ళు బైండింగ్ చేసిందామె. స్కూలు రిజిస్టర్లు, గుడి రశీదు పుస్తకాలు, లావుపాటి లెడ్జర్లు ఎన్ని ఆ చేతుల మీదుగా పోయాయో లెక్కలేదు. పుస్తకం పూర్తయ్యాక దాన్ని ఒక్క అట్ట పట్టుకుని పైకెత్తి, తడిబట్ట దులిపినట్లు రెండుసార్లు దులిపేది. పేజీ కదిలితే పని మళ్ళీ మొదటికొచ్చేది. కదలకపోతే "పో" అని పక్కన పెట్టేది. "సూర్యకళ చేయి పడితే ఊడదు" అన్న మాట ప్రెస్సులో సామెతలా తిరిగింది. ఆ సామెతను పుట్టించింది కూడా సూర్యకళేనని కొందరనేవారు.

ప్రెస్సుకు బైండింగ్ మిషన్ వచ్చాక ఆమె బయటికొచ్చింది. రెండువేల పదకొండు ఎండాకాలంలో ఉప్పల్ నుంచి నాగోల్ పోయే రోడ్డు పక్కన హనుమాండ్లు నర్సరీలో చేరింది. అక్కడ నీళ్ళు పట్టాలి, కలుపు తీయాలి, ఎండుటాకులు ఊడ్వాలి. పనికి ఎన్నడూ వంక పెట్టలేదు కానీ, చేతులు ఊరికే ఉంటున్నాయని లోపల ఒకటే వెలితి. "నీళ్ళు పట్టే పని పైపు జేస్తది. దాన్ని పట్టుకునేతందుకు నేనెందుకే వదినా?" అని హనుమాండ్లు భార్య లింగమ్మతో అనేది.

లింగమ్మ నవ్వి ఊరుకునేది. ఆమె మాట తక్కువ మనిషి. ఉప్పల్‌లో పాతకాలం నుంచి వ్యవసాయం చేసిన కుటుంబం వాళ్ళది. పొలంలో ఎక్కువ భాగం కాలనీల కిందికి పోగా మిగిలిన అర ఎకరంలో ఈ నర్సరీ పెట్టారు. నర్సరీ నిలదొక్కుకునేదాకా లింగమ్మ ఉప్పల్ చౌరస్తాలో బస్సుల దగ్గర ఉడకబెట్టిన పల్లికాయలు అమ్మింది. ఆ సంగతి చెప్పుకోవడానికి ఆమె సిగ్గుపడదు, గొప్పగానూ చెప్పుకోదు.

ఆ ఏడు సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోలోనే పడుకున్నాయి. బొగ్గు లేక కరెంటు కోతలు పెరిగాయి. ఫ్యాక్టరీలు వారంలో సగం రోజులు మూతపడే ఉన్నాయి. వాటిలో నర్సరీ మొక్కలు పెట్టే నల్ల ప్లాస్టిక్ కవర్లు చేసే ఫ్యాక్టరీ ఒకటి. హనుమాండ్లు పొద్దున్నే చౌరస్తాలో దీక్షా శిబిరానికి పోయి గొంతు పోయేలా సమ్మె జిందాబాద్ అనేవాడు. పదకొండింటికి నర్సరీకి వచ్చి, సమ్మె వల్ల కవర్లు రాలేదని తల పట్టుకునేవాడు. రెండింట్లోనూ ఆయన నిజాయితీకి లోటు లేదు.

మడుల్లో టమాట, వంగ, మిరప నారు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ పెరుగుతోంది. ఇంకో వారంలో విడివిడిగా మార్చకపోతే పాడైపోతుంది. పైగా అందులో రెండు వందల మొక్కలకు ముందే మాట ఇచ్చి ఉన్నాడు. పోచారం దగ్గర ఐటీ ఆఫీసులో పనిచేసే గౌతమి అనే అమ్మాయి, తమ కొత్త కాలనీలో ఇంటింటా కూరగాయలు వేయాలని పట్టుబట్టి అడిగింది. దీపావళి ముందటి ఆదివారం వచ్చి తీసుకుపోతానంది. "ప్లాస్టిక్ లేకుండా ఇస్తే మస్తు మంచిగుంటది అంకుల్" అని కూడా అంది. ప్లాస్టిక్కే దొరక్క ఏడుస్తుంటే ఆ మాటకు హనుమాండ్లుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అప్పుడు సూర్యకళ చీపురు పక్కన పెట్టి వచ్చింది.

"అన్నా, నాకు ఇరవై కిలోల పాత పేపరు, ఒక స్టీలు గ్లాసు, జర మైదాపిండి ఇయ్యి. రెండొందల కుండీలు నేను జేసిస్త. మొక్కను కుండీతోనే నాటుకోవచ్చు. పేపరు మట్టిల కలిసిపోతది."

"పేపరా? రెండు దినాలు నీళ్ళు వడితే పప్పయితది."

"సూర్యకళ చేయి పడితే ఊడదన్నా. నాచారంల ఎవల్నన్న అడుగు."

హనుమాండ్లు నాచారం పోయి అడగలేదు. కాసేపు గడ్డం గోక్కుని, ఉన్నమాట చెప్పేశాడు. "సూడు సూర్యకళా, వానలు అయిపోయినంక నర్సరీల ఇద్దరికి పని ఉండది. దీపావళికి నిన్ను మానుమందామనే అనుకున్న. ఆ మేడం కాడికి పోయిన మొక్కలు మంచిగ బతికినయనుకో, గా రేకుల షెడ్డు నీకిస్త. యాడాది పొడుగూత కుండీల పనే జేసుకో. లేదంటే దీపావళికి నువ్వు నీ ఇంటికాడ, నేను నా కవర్ల కాడ."

ఆమె నేరుగా షెడ్డులోకి నడిచింది. ఇన్ని నెలల తర్వాత చేతులకు పని దొరికింది. కొంగు బిగించి కూర్చుంటే వయసు పదేళ్ళు తగ్గినట్లనిపించింది.

పాత పేపర్ల దుకాణం నుంచి వచ్చిన పేపర్ల నిండా సమ్మె వార్తలే. దసరా రోజులు కావడంతో మధ్య మధ్య అమ్మవారి బొమ్మలూ ఉన్నాయి. దేవుళ్ళ బొమ్మలున్న కాగితాలను కళ్ళకద్దుకుని పక్కన పెట్టింది. నాయకుల బొమ్మలకు ఆ మర్యాద దక్కలేదు. కాగితాన్ని జానెడు వెడల్పు పట్టీలుగా చించి, నాలుగు వరసలు వచ్చేలా గ్లాసు చుట్టూ చుట్టి, అడుగు మడతలు లోపలికి నొక్కి, ప్రతి మడతకూ జిగురు రాసింది. అడుగున ఇంకో బిళ్ళ అంటించింది. లోపలి గోడకు కూడా పలచగా ఒక పూత వేసింది.

ఇక ఆ జిగురు సంగతి. మైదాపిండి ఉడికించిన జిగురంటే పురుగులకూ చెదలకూ పెళ్ళి భోజనం. అందుకని బైండింగ్ చేసేవాళ్ళు అందులో చిటికెడు మైలుతుత్తం కలుపుతారు. నీలంగా, పటిక బెల్లం పలుకుల్లా ఉండే మందు అది. అది పడ్డ పుస్తకాన్ని పురుగు ముట్టదు. ఇక్కడ ఉన్నది పొడి గోదాము కాదు, చెదలు తిరిగే తడినేల. చిటికెడు ఏం చాలుతుందని సూర్యకళ పిడికెడు వేసింది. పంతొమ్మిదేళ్ళ అనుభవం మరి!

మూడు రోజుల్లో నూట డెబ్బై అయ్యాయి. నాలుగో రోజు సద్దుల బతుకమ్మ. పూలు పేర్చుకోవాలని సూర్యకళ మధ్యాహ్నమే ఇంటికి పోయింది. బతుకమ్మను పేర్చడంలోనూ ఆమె పద్ధతి ఆమెదే. వరస వరసకూ దారంతో బిగించి కడుతుంది. ఆమె బతుకమ్మ నల్ల చెరువులో రెండు రోజుల దాకా విడిపోకుండా తిరుగుతూ ఉంటుందని వాడకట్టులో చెప్పుకుని నవ్వుతారు. ఆమె మాత్రం అది మెప్పనే అనుకుంటుంది.

మర్నాడు వచ్చి చూస్తే, మిగిలిన ముప్పై కుండీలను లింగమ్మ చేసి, మొక్కలు కూడా పెట్టేసి ఉంది. జిగురు లేదు. గ్లాసు లేదు. పల్లికాయల పొట్లం చుట్టినట్లు చేతి మీదే చుట్టి, చివర లోపలికి దోపి వదిలేసింది. ఒకటి ఇటు వాలితే ఇంకొకటి అటు వాలింది. సూర్యకళకు నవ్వాగలేదు.

"ఏందే వదినా ఇవి? మందు తాగినోళ్ళ లెక్క ఒకని మీద ఒకడు వడ్డరు!"

"మొక్క నిలవడ్డది గద" అంది లింగమ్మ.

"నాలుగు దినాలైతే మట్టి ఈడ, కాగితం ఆడ. నా వరసల పెట్టకు, ఇజ్జత్ పోతది."

లింగమ్మ ఆ ముప్పయ్యింటినీ తీసుకుపోయి నల్లా దగ్గర నేల మీద పెట్టుకుంది.

రెండు వారాలు గడిచాయి. సూర్యకళ కుండీలు సిపాయిల్లా నిలబడ్డాయి. రోజూ నీళ్ళు పోసినా అంచు కూడా వంగలేదు. నర్సరీకి వచ్చినవాళ్ళు ఆగి చూసి పోతున్నారు. ఒక రోజు హనుమాండ్లు ఒక కుండీని అంచు పట్టుకుని పైకెత్తి అటూ ఇటూ ఊపి చూశాడు. ఏమీ ఊడలేదు. "నీ చేయి మామూలు చేయి కాదు సూర్యకళా" అన్నాడు. ఆ సాయంత్రం ఆమె షెడ్డులో నిలబడి, పేపర్ల కట్టలు ఏ మూల పెట్టాలో, బల్ల ఎటు వేసుకోవాలో చూసుకుంది. గోడకు మేకు కొట్టి తన టిఫిను సంచి కూడా తగిలించింది.

ఇంతలో బస్సులు కదిలాయి, కరెంటు వచ్చింది. ఆటోలో కవర్ల కట్టలు దిగాయి. హనుమాండ్లు వాటిని షెడ్డులోనే వేయించాడు. "ఉండనీ, ఆదివారం అయినంక సూద్దాం" అన్నాడు. ఆమెకు ఆ కట్టలు కళ్ళలో నలుసులా అనిపించాయి. అయినా దిగులు పడలేదు. ఆదివారం ఇంకెంతో దూరం లేదు.

శుక్రవారం పొద్దున నీళ్ళు పడుతూ ఉండగా ఒక సంగతి ఆమె కంట పడింది. తన టమాటలు మూడు రోజులుగా ఎదగకుండా ఉన్నట్లే ఉన్నాయి. కింది ఆకులు అంచుల్లో పసుపురంగుకు తిరిగాయి. నల్లా దగ్గర లింగమ్మ టమాటలు మాత్రం జానెడు ఎత్తు లేచి, ముదురాకుపచ్చగా ఊగుతున్నాయి. అక్కడ తడి ఎక్కువ, అందుకే అనుకుంది. సొంత తప్పు కన్నా ముందు తడే కనిపిస్తుంది ఎవరికైనా.

వంగి లింగమ్మ కుండీ ఒకటి పైకెత్తబోయింది. అది రాలేదు. ఇంకాస్త లాగితే కాగితం చేతిలోకి చిరిగి వచ్చింది. "నేను చెప్పలే?" అని గెలిచినట్లు అనబోయి ఆగిపోయింది. చిరిగిన చోట తెల్లటి వేర్లు, దారపు పోగుల్లా, కాగితాన్ని చీల్చుకుని అన్ని పక్కలకూ పోయాయి. మొక్క అప్పుడే కింద నేలను పట్టేసుకుంది.

గబగబా తన వరస దగ్గరికి వచ్చి ఒక కుండీ తీసుకుంది. చేత్తో చిరగలేదు. సంచిలోంచి బైండింగ్ కత్తి తెచ్చి కోసింది. లోపల వేర్లు గోడ దాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి. కొసలు మాడినట్లు గోధుమరంగుకు తిరిగాయి. బతకడానికి దారి వెతుక్కుంటూ వెనక్కి మళ్ళి, చుట్టలు చుట్టుకున్నాయి. కాగితం లోపలి పూత మీద ఇంకా లేత నీలం మెరుస్తోంది.

ఆమెకు అర్థం కావడానికి ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది. పురుగును రానివ్వని మందు వేరును మాత్రం పోనిస్తుందా? కాగితం కుళ్ళాల్సిన చోట కుళ్ళకుండా తానే కాపలా పెట్టింది. ఇంకొకటి కోసింది. ఇంకొకటి. అన్నీ అంతే. పంతొమ్మిదేళ్ళలో ఏనాడూ పడనంత సిగ్గు ఆ ఒక్క నిమిషంలో పడింది.

ఒక ఆలోచన రాకపోలేదు. కింది ఆకులు గిల్లేస్తే పైకి మొక్కలు బాగానే కనిపిస్తాయి. ఎల్లుండి గౌతమి వచ్చి ముచ్చటపడి తీసుకుపోతుంది. అవి చచ్చినా నెల తర్వాత, పోచారంలో, ఎవరో పెరట్లో చస్తాయి. ఎండ తగిలిందనో, నీళ్ళు ఎక్కువయ్యాయనో అనుకుంటారు. ఈలోపు షెడ్డు తనదవుతుంది. కానీ పేజీ కదిలిన పుస్తకాన్ని ఆమె ఏనాడూ "పో" అనలేదు. ఇప్పుడూ అనలేకపోయింది. కోసిన మూడు కుండీలూ పళ్ళెంలో పెట్టుకుని హనుమాండ్లు ముందుకు పోయింది.

"అన్నా, ఇవి మేడంకు ఇయ్యొద్దు. తప్పు నాది. జిగురుల మైలుతుత్తం గలిపిన. వేర్లు కాలినయి."

హనుమాండ్లు ఒక వేరు పట్టుకుని చూశాడు. ఆయన ముఖం వాడిపోయింది. "మైలుతుత్తమా? పాకుడు పడితే మడిల వేసే మందు గది! నన్నొక్క మాట అడగకపోతివి."

"అడిగితే ఎరుకైతుండె. నాకే అంత ఎరుకనుకున్న."

ఆమె నోట అలాంటి మాట వినడం ఆయనకు అదే మొదలు. తిట్టాలనుకున్నవాడు తిట్టలేకపోయాడు. "సరే తియ్యి, కవర్లు వచ్చినయి గద. అండ్ల మారుస్తం. మేడంకు గవే ఇస్తం."

"మేడం కుండీతోటి నాటేది అడిగింది. నేనిస్త అన్న. ఒక్క వారం గడువియ్యన్నా. వచ్చే ఆదివారానికి ఈ మొక్కల వేర్లు కాగితం దాటి బయటికి రాకపోతే, నువ్వు చెప్పకముందే నేనే ఇంటికి పోత."

ఫోను కూడా ఆమే చేసింది. తప్పు తనదని, మొక్కలు మళ్ళీ మార్చాలని, వారం ఆగమని ఉన్నదున్నట్లు చెప్పింది. అటువైపు గౌతమి, "చెప్పకుండ ఇచ్చేసినా మాకు తెలుస్తుండెనా ఆంటీ? పండుగ అయినంకనే వస్త" అంది.

అసలు కష్టమైన పని ఆ తర్వాత మొదలైంది. నల్లా దగ్గర కూర్చుని ఉన్న లింగమ్మ ముందు సూర్యకళ చతికిలబడింది. "వదినా, గా పొట్లం ఎట్ల చుట్టినవో నాకు నేర్పు."

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. పదడుగుల దూరంలో ఉన్న ఈ మనిషి చేతిలో ఏముందో సూర్యకళ ఇన్ని రోజులు చూడలేకపోయింది. లింగమ్మ తన వంతు నవ్వు నవ్వుకుంది. అంత హక్కు ఆమెకు ఉంది.

"నేను నేర్పుతనా, గ్లాసు లేనిది నీకొస్తదా?"

"నవ్వు, నవ్వు. నవ్వుకుంట నేర్పు."

లింగమ్మ ఒక కాగితం తీసుకుంది. నాలుగు వేళ్ళ మీద ఒక్క చుట్టు, రెండో చుట్టు సగం, చివర లోపలికి దోపు, అడుగు నాలుగు మడతలు. అంతే. సూర్యకళ చేసింది. లింగమ్మ దాన్ని వేలితో నొక్కి పక్కన పడేసింది. ఇంకొకటి చేసింది. అదీ పక్కకే పోయింది.

"గంత గట్టిగ గుంజుతవేందే? దాన్ని జర ఊపిరి తీసుకోనియ్యి."

"ఊడదా మరి?"

"ఊడాలె! ఊడేతందుకే గద చేసేది." లింగమ్మ కాగితం కింద పెట్టి ఆమె వైపు చూసింది. అంత పొడుగు మాట ఆమె మాట్లాడటం నర్సరీలో ఎవరూ వినలేదు. "పల్లికాయలు తినేదాంక పొట్లం ఆగితె సాలు, పిల్లా. బతుకమ్మను గింత ముస్తాబు జేసి పేరుస్తం, మాపటికి నీళ్ళల్ల కలుపుతం. కలిస్తెనే పండుగ. నీ బతుకమ్మను గంగమ్మ గుడ తీస్కోదు, రెండు దినాలు ఒడ్డుకు కొట్టుకుంట తిరుగుతది. నాకు ఏటేట సూస్తుంటె పాపమనిపిస్తది."

సూర్యకళకు మొదట కోపం వచ్చింది. తర్వాత ఆ నల్ల చెరువు, తన బతుకమ్మ, దాని బిగింపు గుర్తుకొచ్చి పకపకా నవ్వింది. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ నీళ్ళు అన్నీ నవ్వువే అని చెప్పలేం.

పదహారో కుండీని లింగమ్మ పక్కన పడేయలేదు. అప్పటినుంచి చేతులకు దారి దొరికింది. దొరికాక ఇక చెప్పేదేముంది, ఆ చేతులు సూర్యకళవి. రెండు రోజులు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. పాత కుండీలను కత్తితో కోసి, వేర్లకు అంటిన మట్టి నీళ్ళలో కడిగి, మాడిన కొసలు కత్తిరించి, కొత్త మట్టితో కొత్త పొట్లాల్లో పెట్టారు. పదకొండు మొక్కలు చచ్చిపోయాయి. వాటి చోట ఆలస్యంగా విత్తిన మడిలోంచి వేరేవి తెచ్చి పెట్టారు. నేలను పట్టుకున్న లింగమ్మ ముప్పయ్యింటినీ మట్టితో సహా తవ్వి కొత్త పొట్లాల్లోకి మార్చారు. నీలం మందు డబ్బాను సూర్యకళ మూత బిగించి హనుమాండ్లు చేతికిచ్చింది.

దీపావళి వచ్చి పోయింది. రోజూ పొద్దున ఆమె ప్రతి వరసలో ఒక కుండీని బొటనవేలితో నొక్కి చూసేది. అయిదో రోజు కాగితం మెత్తబడింది. ఏడో రోజు ఒక వంగ కుండీ అడుగున తెల్లగా ఏదో కనిపించింది. కళ్ళజోడు పెట్టుకుని చూసింది. వేరు కొస! "వదినా!" అని ఆమె వేసిన కేకకు రోడ్డు మీద పోయే సైకిలాయన కూడా ఆగాడు.

ఆదివారం గౌతమి కారులో వచ్చింది. రెండు వందల కుండీలు ట్రేల్లో సిద్ధంగా ఉన్నాయి. సిపాయిల్లా లేవు. కొన్ని వాలాయి, కొన్ని పొట్టలు ఉబ్బాయి, ఒకదాని మీద ఎవరో నాయకుడి సగం ముఖం మట్టిలోంచి చూస్తోంది. మొక్కలు మాత్రం చిక్కటి ఆకుపచ్చగా ఉన్నాయి. హనుమాండ్లు చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు. సూర్యకళ ఒక కుండీని ఎత్తి అడుగు పైకి తిప్పి ఆయనకు చూపింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత ఇంకొకటి. ప్రతిదాని అడుగునా తెల్లటి వేరు కొసలు. ఆయన మూడింటినీ తీరిగ్గా చూశాడు. షెడ్డులోకి పోయి, కవర్ల కట్టలను ఒక్కొక్కటే భుజాన వేసుకుని బయటికి తెచ్చి, చెట్టు కింద పడేశాడు. మేకుకు తగిలించిన టిఫిను సంచి అక్కడే ఉంది.

గౌతమి ఒక కుండీని పట్టుకుంటే వేలు లోపలికి దిగింది. కాస్త అనుమానంగా ముఖం పెట్టింది.

"మస్తు మెత్తగున్నయి ఆంటీ. గివి ఎన్ని రోజులుంటయి?"

"పది దినాలు" అంది సూర్యకళ, నడుం మీద చేతులు వేసుకుని, నాచారం అంతటికీ వినపడేలా. "పదకొండో దినం మట్టి తీసి సూడు బిడ్డా. కుండీ ఇంకా కుండీ లెక్కనే ఉన్నదనుకో, తవ్వుకొని తీస్కరా, వాపస్ తీస్కుంట. సూర్యకళ చేయి పడ్డది ఉండొద్దు."